మేకల కొట్టంలో లేత్ మిషన్

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఎక్కడికి పోదామని విజేందర్ అడిగినప్పుడు నేను సినిమా అంటానని అనుకున్నాడు. నేను షాద్‌నగర్ అన్నాను. అక్కడ ఎవరో లేత్ షాపు మూసేస్తున్నారని, మిషన్లు అమ్ముతున్నారని అంతకు ముందు అన్నం తింటూ తనే చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. కలిపిన ముద్ద అలాగే ఉండిపోయింది. ఒక మనిషి చేత అన్నం మరిపించే వస్తువు ఎలా ఉంటుందో చూడాలని నాకు అప్పుడే అనిపించింది.

విజేందర్ చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో ఫిట్టర్. మా ఊరు అక్కడికి దగ్గరే. పని ఎక్కువగా రాత్రి షిఫ్టు. దీపాలు వెలిగే వేళకు కంపెనీ బస్సు రోడ్డు మీద హారన్ కొడుతుంది, అతను టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగెత్తుతాడు. పొద్దున తిరిగొచ్చి, చొక్కా నిండా మందుల వాసనతో నిద్రపోతాడు. దేవరకొండ నుంచి కోడలిగా వచ్చిన నాకు ఈ ఇంట్లో అన్నీ దొరికాయి, సాయంత్రాలు తప్ప.

ఇంటి వెనక లేత్ పెట్టుకుని బోరు మోటర్లలో తిరిగే ఇనుప కడ్డీలు, అంటే షాఫ్టులు, వాటికి తొడిగే బుష్‌లు చేసిస్తే ఉద్యోగం మానేయొచ్చన్నది అతని ఆలోచన. చౌటుప్పల్‌లో మోటర్లు బాగుచేసే పర్వతాలు అనే ఆయన ఒక మాట కూడా ఇచ్చాడు. "ముందుగాల ఒక షాఫ్టు చేసి చూపియ్యి తమ్మీ. ఈ కొస, ఆ కొస ఒకటే లావు ఉండాలె. ఉంటే ఎండాకాలం పని మొత్తం నీకే. లేకుంటె ఎప్పటి లెక్క హైదరాబాద్ పంపుకుంట" అన్నాడట. విజేందర్ లేత్ కోసం కలలు కంటున్నాడు. నేను ఆ లేత్ వెనక నిలబడి ఉన్న సాయంత్రాల కోసం.

షాద్‌నగర్‌లో ఆ షాపు రేకుల షెడ్డు. యజమాని ఐలేశం స్టూలు మీద కూర్చుని మమ్మల్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"కొత్త జంటనా?"

"ఎట్ల తెలిసింది కాకా?" అన్నాడు విజేందర్.

"ఆ బిడ్డ చేతుల గోరింటాకు ఇంక పోలె. లేత్ మిషన్ చూడనీకి పెండ్లికూతుర్ని తోల్కొని వచ్చినోన్ని నిన్నే చూస్తున్న."

"నేనే తోల్కొచ్చిన కాకా" అన్నాను. "నేను సినిమా అంట అనుకున్నడు ఆయన."

షెడ్డులో రెండు లేత్‌లు మిగిలాయి. ఒకటి పొడుగ్గా, కొత్త నీలం రంగుతో మెరుస్తోంది. రెండోది కాస్త పొట్టి. రంగు ఎక్కడికక్కడ పోయి, చేతులు తగిలే చోటల్లా ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది. విజేందర్ కళ్లు నీలందాని మీదే ఉన్నాయి.

లేత్ అంటే నాకు అప్పటిదాకా పాఠంలో బొమ్మ. ఇనుప కడ్డీని చక్ అనే పిడికిలి పట్టుకుని గిరగిరా తిప్పుతుంది. పదునైన టూల్ పక్కనుంచి వచ్చి దాన్ని చెక్కుతుంది. ఆ టూల్ పట్టాలు తప్పని రైలులా రెండు ఇనుప దారుల మీద నడుస్తుంది. ఆ దారులున్న పొడవాటి దూలాన్ని బెడ్డు అంటారు. పనంతా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి అక్కడే బెడ్డు అరిగిపోతుందని, చివరన కొత్తగానే ఉంటుందని విజేందర్ బస్సులో నాకు చెప్పాడు. చెప్పిన మనిషే నీలం రంగు చూడగానే ఆ సంగతి మరిచిపోయాడు.

నేను మరవలేదు. చక్ నుంచి చివరి దాకా బెడ్డు మీద గోరు ఆనించి లాగాను. నీలందాని మీద సగం దాటాక గోరు టక్కున తట్టుకుంది, గడప తగిలినట్టు. వెనక్కి తెచ్చి మళ్లీ లాగాను. మళ్లీ తట్టుకుంది. నాకు భలే సంతోషమైంది. కంటికి కనపడనిది గోరుకు దొరికింది. పాతదాని మీద లాగితే గోరు చివరిదాకా జారిపోయింది. పక్కనున్న హ్యాండిల్ తిప్పి చూశాను. నీలందాని హ్యాండిల్ కాసేపు ఉత్తుత్తిగా తిరిగి, ఆ తర్వాత గాని టూల్‌ను కదిలించలేదు. పాతది వేలు పెట్టగానే కదిలింది.

"పాతది తీసుకుందాం" అన్నాను.

"నీలంది పొడుగుంది మెర్సీ. పెద్ద షాఫ్టులు గూడ పడ్తయ్."

"పొడుగుంటె ఏం లాభం? గోరు తట్టుకుంటాంది. జర నువ్వు గూడ చూడు."

అతను గోరు పెట్టి చూశాడు. తలెత్తి ఐలేశం వైపు చూశాడు. ముసలాయన బీడీ ముట్టించుకుంటూ నవ్వాడు.

"పాతదాని మీద నా కడుపు నింపుకున్న. నీలందాన్ని ఎవరిదగ్గర్నో కొని రంగేయించిన."

"ముందే చెప్పొచ్చుగద కాకా" అన్నాడు విజేందర్.

"అడిగితె చెప్తుంటి. మీ ఇంటి కరెంటుకు మాత్రం మోటరు మార్చుకో. ఇది మూడు ఫేజులది, ఇంటి లైను మీద తిరగది."

అలా పాత లేత్ మాదయింది. ఎంచింది నేనే కాబట్టి, మంచైనా చెడైనా అది నా ఎంపిక.

మా అత్తమ్మ సాలమ్మ మేకల్ని పెంచడం మానేసి చాలా కాలమైంది. ఇంటి వెనక కొట్టం ఖాళీగా ఉంది. నీళ్లు పోసి కడిగితే వెళ్లిపోయేలా దాని నేలను వాలుగా పోశారు. అందుకని అందులో ఒక మూల కొత్తగా మందపాటి కాంక్రీటు దిమ్మె పోయించాం. అది గట్టిపడేదాకా పొద్దున, సాయంత్రం నేనే నీళ్లు పట్టాను.

"మేకలకు గూడ గింత సేవ చెయ్యలె నేను" అంది అత్తమ్మ గడప మీద కూర్చుని.

"మేకలు రెండు దిక్కుల ఒకటే లావు ఉండాల్నని ఎవరన్న అడిగిండ్రా అత్తమ్మ?"

"అడగలె. కని మేకలు నడుచుకుంట వచ్చినయ్. నీ మిషన్‌కు ట్రాలీ కావాలె."

ట్రాలీ వచ్చిన రోజు వాడకట్టంతా మా ఇంటి వెనకే ఉంది. ఇనుప పైపుల మీద దొర్లిస్తూ మిషన్‌ను కొట్టంలోకి తెచ్చి, చైన్ పుల్లీకి కట్టి లేపారు. లేపే ముందు దేవరకొండ నుంచి మా నాయిన ఫోన్లో ప్రార్థన చేశాడు. ఫోను స్పీకర్లో పెట్టి అందరం కళ్లు మూసుకున్నాం. అత్తమ్మ కూడా మూసుకుంది. మిషన్ గాల్లో వేలాడుతుంటే విజేందర్ చైను పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. నాకు చూస్తూ ఉండబుద్ధి కాలేదు. వంటింట్లోకి పోయి షెల్ఫు మీది నిమ్మకాయల్లో ఒకటి పిండి, ఉప్పు, చక్కెర వేసి, చల్లటి నీళ్ల కోసం వాకిట్లో కుండ దగ్గరికి పోయి గ్లాసెడు కలిపాను.

తెచ్చేసరికి మిషన్ దిమ్మె మీద నాలుగు కాళ్లతో కూర్చుని ఉంది. అత్తమ్మ దాని పక్కన నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"షెల్ఫు మీద నిమ్మకాయలు నాలుగుండె కద మెర్సీ. ఒకటి ఏమైంది?"

"నీ కొడుకు కడుపులకు పోతాంది అత్తమ్మ" అని గ్లాసు చూపించాను.

అత్తమ్మ గ్లాసు వైపు చూసింది, మిషన్ వైపు చూసింది, లోపలికి వెళ్లింది. కొట్టమంతా ఆయిల్ వాసన, నిమ్మకాయ వాసన. నా చేతిలోని గ్లాసుదే అనుకున్నాను.

ఆ తర్వాత మిషన్‌ను సమం చెయ్యడం. కంపెనీలో స్నేహితుడి దగ్గర విజేందర్ ఒక మంచి రసమట్టం అడిగి తెచ్చాడు. తాపీ మేస్త్రీలు వాడేదాని కంటే చాలా చురుకైనది. కింద పలచటి కాగితం దూర్చినా దాని గాలి బుడగ పరుగెడుతుంది. ఎందుకింత సూక్ష్మమని అడిగితే అతను మా మంచం చూపించాడు. ఒక కాలు కింద రాయి పెడితే మంచం మొత్తం మెలి తిరుగుతుంది. లేత్ కూడా అంతే, ఎంత ఇనుమైనా తన బరువుకు తనే మెలి తిరుగుతుంది. అప్పుడు టూల్ ఒక కొసన లోతుగా, ఇంకో కొసన తేలిగ్గా చెక్కుతుంది. షాఫ్టు ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా వస్తుంది.

తలుపు పక్కనున్న కాలు కింద సందు కనిపించింది. మిగతా మూడు గట్టిగా ఆనాయి.

"కాంక్రీటు గీడ జర దిగినట్టుంది" అంటూ విజేందర్ ఆ సందులో పలచటి ఇనుప రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. వాటిని ప్యాకింగ్ అంటారట. ఆఖరి రేకుతో బుడగ నడిమిలో ఆగింది. దాన్ని ఫొటో తీశాను. మా పెళ్లి ఫొటోలన్నిటి కంటే అది బాగా వచ్చింది. మిషన్ కొంచెం కూర్చున్నాక బోల్టులు బిగిద్దామన్నాడు.

ఇంటి లైనుకు సరిపోయే మోటరు బిగించాక, మొదటి కడ్డీ మీద టూల్ ఆనగానే ఇనుము సన్నటి పొరగా లేచి, చుట్టలు చుట్టుకుంటూ, వేడికి నీలంగా మారి కింద పడింది. ఆగలేక పట్టుకున్నాను. వేలు చుర్రుమంది. అయినా వదల్లేదు. చల్లారాక దాన్ని గాజుల డబ్బాలో దాచుకున్నాను. కడ్డీ రెండు కొసల్నీ వెంట్రుక మందాన్ని కూడా కొలిచే మైక్రోమీటర్‌తో కొలిస్తే ఒకటే లావు. విజేందర్ నన్ను చూసి నవ్విన నవ్వు, పెళ్లి పందిట్లో కూడా నవ్వలేదు.

మర్నాడు షిఫ్టు నుంచి వచ్చి అసలు షాఫ్టు మొదలుపెట్టాడు. ఒక కొస లావు.

మట్టం పెట్టి చూస్తే బుడగ జరిగింది. తలుపు పక్క కాలు పైకి లేచినట్టు చూపిస్తోంది. అతను ఒక రేకు తీసేశాడు. సమమైంది. ఆ మర్నాడు మళ్లీ జరిగింది, మళ్లీ అటే. ఇంకో రేకు తీశాడు. రోజూ అదే వరస. పర్వతాలు ఇచ్చిన షాఫ్టు ఇనుములో రెండు ముక్కలు పాడయ్యాయి. మిగిలింది ఒకటే.

పక్కింటి హనుమమ్మ గోడ మీది నుంచి చూసి అత్తమ్మను అడిగింది. "ఏందక్కా, నీ కొడుకు రోజు పొద్దున ఆ గాజుగొట్టం పెట్టి చూస్తుండు. మిషన్‌కు జరమా?"

"నీ నోటికి రావాలె జరం" అంది అత్తమ్మ. ఎప్పుడూ హనుమమ్మ మాటలకు నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

పర్వతాలు ఫోన్ చేశాడు. "ఆదివారం దాక చూస్త తమ్మీ. ఆ మోటరు రైతు నా మీద పడ్తుండు. కాకపోతె చెప్పు, నేనేం అనుకోను."

ఫోన్ పెట్టేసి విజేందర్ బెడ్డు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీలందే తేవాల్సుండెనేమొ."

కోపంగా అనలేదు. అయినా ఆ మాట నాకు గోరుకు తట్టుకున్నట్టే తట్టుకుంది. కాంక్రీటు దిగుతోందని, గడ్డపారతో దిమ్మె పగలగొట్టి మళ్లీ పోయాలని కూడా అన్నాడు. అంటే ఆదివారం పోయినట్టే. షాఫ్టు పోయినట్టే. సాయంత్రాలు పోయినట్టే.

అతను పొద్దంతా నిద్రపోతాడు. ఆ సమయమంతా నాది. కొట్టంలోకి పోయి మిషన్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ముందు ఎండను అనుమానించాను. మధ్యాహ్నం తలుపులోంచి ఎండ పడి ఇనుము సాగుతోందేమోనని గొంగడి కట్టాను. లాభం లేదు, బుడగ జరుగుతూనే ఉంది. తర్వాత దిమ్మె. రసమట్టాన్ని మిషన్ మీద కాకుండా తలుపు పక్క కాలు దగ్గర కాంక్రీటు మీద పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, బుడగ ఎక్కడుందో చూసుకున్నాను. మర్నాడు సరిగ్గా అదే గీతల్లో పెట్టి చూశాను. బుడగ కదల్లేదు. తక్కిన మూడు కాళ్ల దగ్గరా అంతే. కాంక్రీటు ఎటూ పోవడం లేదు.

నాకు ఆకలి కూడా మరిచిపోయేంత ఉత్సాహం వచ్చింది. దిమ్మె కదలడం లేదు, మిషన్ కదులుతోంది. మళ్లీ మంచం గుర్తొచ్చింది. వాకిట్లో మంచం మీద కూర్చున్నప్పుడు ఒక కాలు లేచినట్టు అనిపిస్తే దాని కింది రాయి పెరిగిందని ఎవరూ అనుకోరు. మిగతా మూడు కాళ్లు మెత్తటి మట్టిలో దిగాయని అర్థం. తలుపు పక్క కాలు కింద ఉన్నది ఇనుప రేకులు. ఇనుము పెరగదు. అంటే దిగుతున్నవి మిగతా మూడూ. కానీ అవి నిలబడింది రాయిలాంటి కాంక్రీటు మీద. కాంక్రీటులో ఇనుము ఎలా దిగుతుంది?

మధ్యలో ఇంకేదైనా ఉంటే తప్ప.

రంపం బ్లేడు తెచ్చి తలుపు పక్క కాలు కింద పెట్టి నెట్టాను. ఇనుము ఇనుముకు తగిలి ఖంగుమంది. మూలనున్న కాలు కింద నెట్టాను. చప్పుడు లేదు. బ్లేడు మెత్తగా కొంచెం లోపలికి పోయి ఆగింది. ఊపి ఊపి లాగితే దాని చివర గోధుమ రంగు పొట్టు లాంటిది, దానికి అంటుకుని ఒక గింజ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాగిన ఊరగాయ జాడీ మూత తీసిన వాసన.

తలెత్తితే గడప దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. చేతిలో బియ్యం చాట.

"అత్తమ్మా, మిషన్ కింద నిమ్మకాయ ఉన్నది."

"ఉంటది" అంది. చాట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. "నేనే పెట్టిన. మిషన్ కిందికి దించుతుంటె కాళ్ల కింద పెట్టిన. అందరు చైను దిక్కు చూస్తుండిరి."

"ఎందుకు అత్తమ్మా?"

"కొత్త బండి కొంటె టైర్ల కింద పెట్టరా? గిది బండి కంటె బరువు. ఇనుమును కోసేటిది. దాంట్ల చేతులు పెట్టేది నా కొడుకు."

"మరి నాకు చెప్పొచ్చుగద."

అత్తమ్మ బియ్యంలో రాళ్లు లేకపోయినా వెతికింది. "నువ్వు ప్రార్థన చేసేదానివి. మీ నాయిన గూడ ఫోన్ల మంచిగ చేసిండు. అయినంక నేను నిమ్మకాయలు పట్కొస్తె, ఆ ప్రార్థన చాలలేదన్నట్టు ఉంటది. బాగుండదని ఊకున్న."

ఆమె పక్కన పోయి కూర్చున్నాను. మా ప్రార్థన చిన్నబోకూడదని ఆమె నిమ్మకాయలు దాచింది. నలిగిన నిమ్మచెక్కలు మిషన్ బరువు కింద రోజురోజుకూ ఎండి సన్నబడ్డాయి. మేము దిమ్మెను తిట్టాం, ఎండను తిట్టాం, పాత మిషన్‌నూ తిట్టాం.

"నాలుగు కాళ్ల కింద నాలుగు పెట్టినా ఇంత గోస ఉండకపోవు అత్తమ్మ. అన్ని ఒక్కతీరుగ ఎండుతుండె. నాలుగో కాలు కింద ఎందుకు పెట్టలె?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "పెడదామనే నాలుగు తెప్పిచ్చిన. నాలుగోది నువ్వు పిండి వానికి తాపినవ్."

ముందు ఎవరు నవ్వామో తెలియదు. ఆ నవ్వులకు విజేందర్ నిద్ర లేచి, లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. చెప్పింది విని నమ్మలేదు. బ్లేడు తీసుకుని వాసన చూశాడు. గింజను అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఇన్నేండ్ల సంది మిషన్లు రిపేరు చేస్తున్న. గీసొంటి రోగం ఏడ చూడలె" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నీలంది అన్న మాట నేను అన్లె. నువ్వు విన్లె" అన్నాడు.

"నేను గట్టిగనే విన్న."

ఇక వాటిని తియ్యాలి. అత్తమ్మ ముఖం మళ్లీ మారింది. "తీస్తె తీయుండ్రి" అంది గాని ఆ గొంతులో ఇష్టం లేదు. నేను ఆలోచించి అడిగాను.

"అత్తమ్మా, బండి నిమ్మకాయను తొక్కినంక ఏం చేస్తది?"

"పోతది."

"నిమ్మకాయ?"

"ఆడనే ఉంటది."

"టైరు కింద పెట్టుకొని ఊరంత తిరగదు గద. తొక్కుడుతోనే దాని పని అయిపోయింది. మన మిషన్ ఎప్పుడో తొక్కింది."

అత్తమ్మ మిషన్ కాళ్ల వైపు చూసింది. "గది నిజమే" అంది. చాట పక్కన పెట్టి, "నడువుండ్రి, నేను బ్లేడుతోని గీకుత" అని లేచింది.

జాకీ పెట్టి ఒక్కో కాలు లేపాం. అత్తమ్మ గీకింది, నేను కిరోసిన్ గుడ్డతో తుప్పు తుడిచాను, విజేందర్ నాలుగు కాళ్ల కిందా ఇనుప రేకులు పెట్టి బుడగను నడిమికి తెచ్చాడు. ఆ సాయంత్రం బస్సు హారన్ కొడితే వెనక్కి చూసుకుంటూ పోయాడు. మర్నాడు అతను రాకముందే నేను కొట్టంలోకి పోయి మట్టం పెట్టాను. బుడగ నడిమిలోనే ఉంది. అతను వచ్చాక బోల్టులు బిగించాం.

ఆదివారం పొద్దున మిగిలిన ఒక్క ముక్కను చక్‌లో పట్టించాడు. షిఫ్టు నుంచి వచ్చి పడుకోలేదు. ఇనుము చుట్టలు చుట్టలుగా రాలుతుంటే నేను, అత్తమ్మ గడప మీద కూర్చుని చూశాం. మిషన్ ఆపాక అతను చక్ దగ్గర కొస కొలిచాడు. ఎంతో చెప్పలేదు. మైక్రోమీటర్ నా చేతికిచ్చి రెండో కొస కొలవమన్నాడు. నేను కొలిచాను. ఇద్దరం ఒక్కసారే చెప్పాం. ఒకటే అంకె.

షాఫ్టును అత్తమ్మ పాత చీర ముక్కలో చుట్టి బైకు మీద బయల్దేరాం. అత్తమ్మ అందరూ చూస్తుండగానే ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టింది. పెట్టి నా వైపు చూసి, "నువ్వు గూడ నీ ప్రార్థన అనుకో" అంది. నేను ఒడిలో షాఫ్టు పెట్టుకుని కళ్లు మూసుకుని అనుకున్నాను. టైరు కింద నిమ్మకాయ చితికింది. దాన్ని అక్కడే వదిలేసి పోయాం.

పర్వతాలు షాఫ్టును రెండు దిమ్మెల మీద పెట్టి వేలితో తిప్పాడు. తన కొలతతో ఈ కొస, ఆ కొస, నడిమి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇంట్ల పెట్టిన మిషన్ మీదనేనా?"

"మేకల కొట్టంల" అన్నాను.

"మేకలు మంచిగనే మేసినయ్" అని లోపలికి కేకేసి, తుప్పు పట్టిన షాఫ్టుల మూట ఒకటి తెప్పించి విజేందర్ ముందు పెట్టాడు. "ఇవి పట్కపో. అయినంక ఇంకోటి ఇస్త."

కంపెనీలో చెప్పి మానడానికి కొంత సమయం పట్టింది. మొదటిసారి విజేందర్ ఇంట్లోనే ఉన్న సాయంత్రం వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాం. దీపాలు వెలిగాయి. రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. అతను గబుక్కున లేచి నిలబడి, టిఫిన్ డబ్బా కోసం చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నాడు. బస్సు పోయేదాకా ఇద్దరం దాని చప్పుడు విన్నాం.

దాహమేస్తోందన్నాడు. వంటింట్లోకి పోయాను. షెల్ఫు మీద నిమ్మకాయలు ఉన్నాయి. చెయ్యి చాచి, ఆగి, పెరట్లోకి కేకేశాను.

"అత్తమ్మా, గీ నిమ్మకాయలు ఏ పనికన్న ఉంచినవా, పిండుకోవచ్చునా?"

"పిండుకో బిడ్డా" అంది అత్తమ్మ. "నాకు గూడ ఒక గ్లాసు కలుపు."